థాయిలాండంటే నవ్వెందుకు?

థాయిలాండు వెళ్ళివచ్చానని చెప్పి చూడండి. ఎదుటివాడు ఎంతటి పెద్దమనిషైనా ముందు ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుకు ఏ నిఘంటువులోనూ అర్థం దొరకదు, అయినా అందరికీ తెలుసు. "మీరు కూడానా సార్!" అని దాని తాత్పర్యం. సూరారం చౌరస్తాలో కిరాణాకొట్టు ఆసామి మొదలుకొని, నా దగ్గర పద్యాలు అప్పజెప్పి ఇప్పుడు పెద్ద ఉద్యోగాలు వెలగబెడుతున్న శిష్యుల వరకు ఆ నవ్వు నవ్వనివారు లేరు. కట్టమైసమ్మ గుడి దగ్గర కలిసిన ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా మందలించాడు: "గీ వయసుల గదేం షోకు సార్? కాశికి పోరాదుండ్రి?" మాతో వచ్చిన లెక్కల సారుకైతే సొంత అల్లుడి నవ్వే ఎదురైందట.

ఆ నవ్వు మీద నాకు కోపం. ఎందుకో చెబుతాను, ఓపిక పట్టి చదవండి.

2024 డిసెంబరులో ముగ్గురం బయలుదేరాం. ముగ్గురమూ పింఛను మాస్టర్లమే. నేను తెలుగు, తక్కిన ఇద్దరిలో ఒకరు లెక్కలు, ఒకరు డ్రాయింగు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంచి, ఏడు కిలోలకు మించకుండా. ముందుగా కుదుర్చుకున్న బస లేదు, మమ్మల్ని మేపే ఏజెంటు లేడు. దీన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారని డ్రాయింగు సారు కొడుకు చెప్పాడు. దానికి తెలుగేమిటని విమానంలో వాదం వచ్చింది. 'వీపుసంచి యాత్ర' అన్నారు డ్రాయింగు సారు. 'మూపుమూట' అన్నాను నేను. మూపు మంచి మాట, ఊరికే మూల పడివుంది. లెక్కల సారు ఇద్దరినీ చూసి "బ్యాగేసుకొని పోవుడు" అని తేల్చేశారు. జనం నోట నిలిచేది ఆయన మాటేననుకుంటాను.

కాశికి పొమ్మన్న పెద్దాయన మాటకు ముందు సమాధానం చెప్పాలి. కాశీయాత్రకు తెలుగులో తలమానికమైన పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్యది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేస్తూ 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. హైదరాబాదు దాటి మా మేడ్చల్ మీదుగానే నాగపూరు బాట పట్టాడు. ఆయన సంచి మోసినవాడు కాదు; పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. అయినా ఆ పుస్తకం ఇవాళ్టికీ చదువుతున్నామంటే అందులో కాశీ మాహాత్మ్యం ఉన్నందుకు కాదు. ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, ఏ దొర పన్ను పీకుతున్నాడు, ఏ కులాలవారు ఎలా బతుకుతున్నారు, ఇవన్నీ కళ్ళతో చూసి రాశాడు గనుక. గమ్యం పుణ్యక్షేత్రమా కాదా అన్నదానికన్నా దారిలో కళ్ళు తెరిచే ఉన్నాయా అన్నది యాత్రకు గీటురాయి. ఆ లెక్కన ఈనాడు కాశికి రాత్రి విమానంలో వెళ్ళి మర్నాడు ప్రసాదం డబ్బాతో దిగేవారికంటే మేమే వీరాస్వామయ్యకు దగ్గరి చుట్టాలం. ఈ మాట అంటే ఆ పెద్దాయనకు కోపం వచ్చింది, రానీయండి.

ఇక ప్యాకేజీల సంగతి. మా కాలనీ గోడల మీద ఎన్నికల ఫ్లెక్సీలతో పోటీపడి ఇవే కనిపిస్తాయి. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు, బ్యాంకాకు, పట్టాయా, మూడు పూటలా మన భోజనం. గమనించండి, ఫ్లెక్సీలో అన్నిటికంటే పెద్ద అక్షరాలు భోజనానివే. ఒక దేశానికి రమ్మని పిలుస్తూ, ఆ దేశం మీ నాలుకకు కూడా తగలనివ్వం అని హామీ ఇవ్వడం నాకు వింతగా తోస్తుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పుచారు, రాత్రి పన్నీరు. బస్సులో తెలుగు పాటలు. దిగమన్నచోట దిగడం, ఎక్కమన్నప్పుడు ఎక్కడం. నలభై మంది అలా వెళ్ళి అలా వస్తారు. వాళ్ళు తెచ్చే వార్త మాత్రం ఒక్కటే, ఆ నవ్వు.

నేను శాకాహారిని, ఉల్లి వెల్లుల్లి దగ్గర కూడా కాస్త చాదస్తం ఉన్నవాణ్ణి. ఆవకాయ సీసా నా సంచిలోనూ ఉండింది, దాచను. కాని 'జే' అనే ఒక్క మాట నేర్చుకుంటే ఆ దేశంలో నాలాంటివాడు ఆకలితో చావడు. మాంసమూ, వెల్లుల్లీ లేని వంటకు అక్కడ ఆ పేరు. పసుపుపచ్చ జెండా మీద ఎర్రగా ఆ అక్షరం రాసి దుకాణం ముందు కడతారు. అది కనిపించని పూట అన్నమూ, అరటిపండ్లూ, బొప్పాయీ ఉన్నాయి. అరవై దాటినవాడికి అంతకంటే ఏం కావాలి?

బ్యాంకాకు నుంచి మేము పట్టాయా వైపు పోలేదు, పడమటికి పోయాం. థొన్‌బురి స్టేషనులో మూడో తరగతి రైలు. విదేశీయుడికి టికెట్టు 100 బాట్లు. అద్దాలు దించిన కిటికీలు, తల మీద ఫంకాలు, బుట్టల్లో పనసతొనలూ ఉడకబెట్టిన వేరుశనగలూ అమ్ముకునే ఆడవాళ్ళు. మన కాచిగూడ ప్యాసింజరు ఎక్కినట్టే ఉంది. మూడు గంటల్లో దిగిన ఊరు కాంచనబురి. బోర్డు మీద ఆ పేరు చదివి నిలబడిపోయాను. కాంచనపురి! పురి వాళ్ళ నోట బురి అయింది. దారిలో దాటిన రాట్చబురి జిల్లా రాజపురి. స్టేషనుకు వాళ్ళు వాడే మాట 'సథానీ', అది మన స్థానమే. రైలును 'రొట్‌ఫై' అంటారు; రొట్ అంటే రథం, ఫై అంటే నిప్పు. మన పల్లెటూరివాడు పొగబండి అన్నాడు, వాళ్ళు నిప్పురథం అన్నారు. పొగకంటే నిప్పును పట్టుకున్నవాడే మొనగాడు.

ఇక్కడే మన పండితజాతికి ఒక పాత జబ్బు తిరగబెడుతుంది. ఇలాంటి మాటలు నాలుగు వినబడగానే ఛాతీ ఉప్పొంగి, "చూశారా, ఇదంతా మనదే, మనవాళ్ళు ఇచ్చిందే" అని ఉపన్యాసం ఎత్తుకుంటాం. సువర్ణభూమి అని విమానాశ్రయం పేరు చూసి, అక్కడి క్షీరసాగరమథనం బొమ్మ ముందు ఫోటో దిగి, ఆగ్నేయాసియా అంతా మన తాతముత్తాతల జాగీరని నమ్మేస్తాం. రాజేంద్రచోళుడు 1025లో కడారం మీదికి నౌకలు నడిపాడని మా బడి పుస్తకాల్లో ఉంది. మన తీరం నుంచి అద్దకం బట్టలు ఓడలకెక్కి, మలక్కా దాటి, లవంగాల దీవుల దాకా వెళ్ళాయని చరిత్రకారులు రాశారు. మచిలీపట్నంలోనూ, పులికాటులోనూ డచ్చివాళ్ళు కొట్లు పెట్టింది ఆ బట్టల కోసమే. ఇవన్నీ నిజమే, గర్వపడవచ్చు. కాని గర్వం రాజు దగ్గర మొదలై సెట్టి దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత ఓడెక్కినవాడు ఒకడున్నాడు. వాడి పేరు కూలి. వాడి సంగతి ఎత్తగానే మనకు నోరు పెగలదు.

కళింగ శబ్దం నుంచి పుట్టిందంటున్న 'కెలింగ్' అనే మాటే ఇందుకు సాక్షి. ఒకప్పుడు మలక్కా రేవులో అది వర్తకుడి పేరు. పోర్చుగీసువాళ్ళ రాతల్లో దర్జాగా కనిపిస్తుంది. ఇవాళ మలేషియాలో ఎవరినైనా ఆ మాట అంటే అది తిట్టు. శబ్దం మారలేదు, అది సూచించే మనిషి మారాడు. పట్టుబట్టల మూట దించినవాడి బదులు రబ్బరుపాలు గీసేవాడు వచ్చాడు. భాషాశాస్త్రంలో దీన్ని అర్థాపకర్ష అంటారని పిల్లలకు చెప్పేవాణ్ణి, 'కంపు' అనే మాట ఉదాహరణగా ఇచ్చి. ఇప్పుడైతే ఈ ఉదాహరణే ఇస్తాను.

కాంచనపురి స్టేషనుకు కొద్ది నడక దూరంలో ఒక యుద్ధసమాధుల తోట ఉంది. దాన్ని చూడకుండా ఆ ఊళ్ళో సంచి దించకండి. కత్తిరించిన పచ్చిక మీద వరుసలు వరుసలుగా దాదాపు 7 వేల సమాధులు. చాలావాటి మీద పేరు, దళం, వయసు, కొన్నిటి మీద ఇంటివాళ్ళు రాయించిన ఒక వాక్యం. 22, 24, 27. ఆ వయసులు చదువుతూ పోతుంటే లెక్కల సారు నోట మాట లేదు. వీళ్ళంతా 1942, 43లలో జపాను సైన్యం చేతిలో బందీలై, థాయిలాండు నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేస్తూ చచ్చిపోయిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి సైనికులు. దీన్నే మృత్యురైలు అన్నారు. ఇంగ్లీషు సినిమా ఒకటి 1957లో వచ్చి ఆ వంతెనను ప్రపంచానికంతటికీ చూపించింది. ఆ సినిమా తీసింది మాత్రం సింహళంలో. దాంట్లో పలికినట్టు 'క్వాయ్' అని థాయివాళ్ళ ముందు అంటే దున్నపోతు అని అర్థం వస్తుంది. నది పేరు 'ఖ్వే'. ఆ సినిమా వంతెన పేరుకే న్యాయం చేయలేదు, వంతెన కట్టినవాళ్ళకు ఏం చేస్తుంది?

బందీ సైనికులు 60 వేలకు పైన. ఆసియా కూలీలు, అంటే బర్మావాళ్ళు, మలయావాళ్ళు, జావావాళ్ళు, మలయా రబ్బరు తోటల్లోని మనవాళ్ళు, అందరూ కలిసి 2 లక్షలకు అటూ ఇటూగా ఉంటారు. సైనికుల్లో చనిపోయినవారు 12 వేల పైచిలుకు. కూలీల్లో చనిపోయినవారు 80, 90 వేల దాకా ఉంటారని అంచనాలు. సైనికుల విషయంలో లెక్క ఉంది, కూలీల విషయంలో అంచనా ఉంది. ఈ రెండు మాటల మధ్యనే నా కోపమంతా ఉంది.

మలయా తోటల్లో ఉన్నవాళ్ళెవరు? ఎక్కువమంది తమిళులు, సందేహం లేదు. కాని విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి తెలుగువాళ్ళు కుటుంబాలు కుటుంబాలుగా వెళ్ళారు. రంగం పోయినవాళ్ళు కొందరు, మలయా పోయినవాళ్ళు కొందరు. పేరాక్ తోటల్లో తెలుగు గుడులూ, తెలుగు బడులూ వెలిశాయి. 1955లో అక్కడ ఆంధ్రసంఘం పుట్టింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయంటే ఆ కూలీల మనుమలూ, మనుమరాళ్ళూ అక్కడ ఉండబట్టే. 1942లో జపాను మలయాను ఆక్రమించాక ఎగుమతి లేక తోటలు మూతబడ్డాయి, తిండికి కరవొచ్చింది. అప్పుడు వచ్చారు, రోజుకు ఒక డాలరు కూలి, మూణ్ణెల్ల పని అని ఆశపెడుతూ. ఆశకు లొంగనివాళ్ళను తోటల నుంచే పట్టుకుపోయారు. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, హాలు తలుపులు మూసి, అటునుంచి అటే లారీల్లోకి, రైలుపెట్టెల్లోకి తోలారు. అలా మలయా నుంచి వెళ్ళినవారే 75 వేలకు పైన. 1943 వానల్లో కలరా వచ్చింది. బందీ సైనికులకు కనీసం వాళ్ళ దళంలో ఒక డాక్టరు ఉన్నాడు, ఎవరు ఏ రోజు పోయారో దొంగచాటుగా రాసుకునే ఒక అధికారి ఉన్నాడు. కూలికి ఎవరున్నారు? ఎక్కడ పడ్డవాణ్ణి అక్కడే పూడ్చారు, తగలబెట్టారు, వదిలేశారు. 1990లో కాంచనపురి అంచున ఒక చేలో తవ్వితే వందల మనుషుల ఎముకలు ఒకేచోట బయటపడ్డాయి.

ఆ సమాధుల తోట ముఖద్వారంలో ఒక ఫలకం ఉంది. అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు దాని మీద ఉన్నాయి. థాయిలాండులో ముస్లిం శ్మశానాల్లో వాళ్ళను ఖననం చేశారట, ఆ సమాధులను కాపాడలేకపోయారు గనుక పేర్లయినా ఇక్కడ చెక్కారు. 11 మందికే అంత శ్రద్ధ! శ్రద్ధ చూపినందుకు ఆ సంస్థకు నమస్కారం. యూనిఫారం వేసుకున్నవాడికి చనిపోయాక కూడా ఒక చిరునామా ఉంటుంది.

వంతెన దగ్గర మరొక కట్టడం ఉంది. అది చూసి నేను నిజంగా తల దించుకున్నాను. 1944లో సాక్షాత్తూ జపాను సైన్యమే, తను చంపినవాళ్ళ ఆత్మశాంతి కోసం కట్టించిన స్తూపం అది. దాని చుట్టూ రాతిపలకల మీద చనిపోయినవారి భాషల్లో రాయించారు. తమిళం ఉంది, మలయ్ ఉంది, చైనీసు ఉంది. తెలుగు లేదు. అప్పుడు కొరడా పట్టినవాడికి తన కింద తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారని తెలియకపోవచ్చు. తోటల వాడుకలో దక్షిణాది కూలీ అంటే తమిళుడే. వాడికి తెలియకపోతే పోనీ. ఇన్నేళ్ళలో మనం చెప్పామా? సమాధుల తోటకు దగ్గర్లోనే ఒక బౌద్ధాలయంలో ఈ కూలీల అస్థికలు ఉన్నాయి. ఈ మధ్యనే తమిళ సంఘాలవాళ్ళు పూనుకొని అక్కడ తమ సంప్రదాయం ప్రకారం ఒక నడుకల్, అంటే వీరగల్లు, నిలబెట్టారు. వాళ్ళను చూసి అసూయపడడానికి కూడా మనకు అర్హత లేదు. వీరగల్లులు మనకూ ఉన్నాయి; తెలంగాణలో ఏ పాత ఊరి పొలిమేర చూసినా ఒకటి కనిపిస్తుంది. పశువుల మందను కాపాడబోయి చచ్చినవాడికి కూడా రాయి నిలిపిన జాతి మనది.

ఈ మాటలు ఇక్కడి మిత్రులతో అంటే మూడు రకాల జవాబులు వచ్చాయి. ఒకటి: "అది మలేషియావాళ్ళ సంగతి, మనకెందుకు?" అయితే అంగ్‌కోర్ దేవాలయం ఎవరి సంగతి? దాని ముందు నిలబడి మనదే అని ఎందుకు చాటుతున్నారు? రాతిగోడకు చుట్టరికం ఉంటుంది గాని మనిషి ఎముకకు ఉండదా? రెండు: "ఇన్నేళ్ళయింది, ఇప్పుడేం లాభం?" 1943లో అయిదేళ్ళ పిల్లవాడికి ఇవాళ 85 దాటాయి. తండ్రి సినిమాకని వెళ్ళి తిరిగి రాలేదని చెప్పగలిగే నోళ్ళు ఇంకా కొన్ని మిగిలివుండవచ్చు, పేరాక్‌లోనో, పలాస పక్క పల్లెల్లోనో. ఎవరైనా వెళ్ళి అడిగితే పేర్లు దొరుకుతాయి. పదేళ్ళు ఆగితే నిజంగానే ఏ లాభమూ ఉండదు. మూడో జవాబు ఎవరూ పైకి అనలేదు, ముఖంలో కనిపించింది: "కూలీలే కదా."

అది మాత్రం నేను క్షమించను. నేనుండే సూరారం జీడిమెట్ల కార్ఖానాల పక్క ఊరు. తెల్లవారకముందే చౌరస్తాలో కూలీ అడ్డా మీద నిలబడే మనుషుల్లో శ్రీకాకుళంవాళ్ళున్నారు, ఒడిశావాళ్ళున్నారు, బిహారువాళ్ళున్నారు. ప్రతివాడి వీపు మీదా ఒక సంచి. వాళ్ళను బ్యాక్‌ప్యాకర్లని ఎవరూ అనరు. బాయిలరు పేలిన మర్నాడు పత్రికలో 'ముగ్గురు కార్మికులు' అని వస్తుంది, చాలాసార్లు పేర్లు కూడా రావు. కాంచనపురిలో పచ్చిక కింద జరిగింది ఎలా జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు చరిత్ర పుస్తకం అక్కరలేకపోయింది.

అందుకే ఆ నవ్వంటే కోపం అన్నాను. ఆ నవ్వు మొదట ఒక దేశపు ఆడవాళ్ళందరినీ ఒకే గాటన కట్టి అవమానిస్తుంది. మేము బస చేసిన ఇంటావిడ, రెండు చేతులూ జోడించి, మా ముగ్గురి సంచులనూ మూడు రోజులు భద్రంగా చూసి, ఒక్క బాటు అదనంగా తీసుకోలేదు. ఆమెను తలచుకున్నప్పుడల్లా ఆ నవ్వు నాకు చెంపపెట్టులా ఉంటుంది. రెండోది, గౌరవంగా చూసిరాగల మనుషులు ఆ నవ్వుకు జడిసి అసలు వెళ్ళరు. వెళ్ళేవాళ్ళను ప్యాకేజీవాడు సముద్రం ఒడ్డుకు తోలుకుపోతాడు. మధ్యలో కాంచనపురికి, బ్యాంకాకు నుంచి 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి, తెలుగువాడు చేరనే చేరడు.

తెలుగు పేరు మీద నడిచే విశ్వవిద్యాలయాలు, అకాడెమీలు, రెండు ప్రభుత్వాలు, సముద్రాల అవతల ఏటేటా సభలు చేసి శాలువాలు కప్పుకునే సంఘాలు, వీటన్నిటికీ నా మనవి ఒక్కటే. ఆ బౌద్ధాలయం ఆవరణలో ఒక రాయి, దాని మీద తెలుగు లిపిలో ఒక్క వాక్యం. ఒక సభకు వేసే పందిరి ఖర్చు కూడా కాదు. వాక్యం నేను రాసిపెడతాను, ఛందస్సు ఉండదు, సమాసం ఉండదు, భయపడకండి. ఏ ప్రాంతంవాళ్ళు, ఏ తోటల నుంచి వచ్చారు, ఏ ఏడు పోయారు, అంతే.

వాళ్ళు ఆ పని చేసేదాకా మనం వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. థొన్‌బురి నుంచి రోజుకు రెండు రైళ్ళున్నాయి, పొద్దున ఎనిమిదికి కాస్త ముందు ఒకటి, మధ్యాహ్నం రెండుకు కాస్త ముందు ఒకటి. పొద్దుటి దాన్లో వెళ్ళండి. కాంచనపురిలో రెండు రోజులు ఉండి, మళ్ళీ అదే రైలెక్కి చివరి స్టేషను నామ్‌తోక్ దాకా పొండి. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొండచరియను ఆనుకొని, నది అంచున కర్ర స్తంభాల మీద రైలు నడకకంటే నెమ్మదిగా పోతుంది. ఆ కర్రవంతెన వచ్చినప్పుడు విదేశీయులంతా లేచి ఫోన్లతో ఫోటోలు తీస్తుంటారు. మా లెక్కల సారు మాత్రం స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు.